విడిగా అమ్మే వదిన

గేమ్ సెంటర్, గల్లా వెనక కుర్చీ
జూన్, సోమవారం

ఏమే మరదలా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేంటా అని ఆశ్చర్యపోతున్నావా? ఫోన్లో అయితే నేను తిట్టడం మొదలుపెట్టగానే నువ్వు కిసుక్కుమంటావు. నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది. తిట్టాల్సినవన్నీ గొంతులోనే ఉండిపోతాయి. మన ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఇదే వరస. ఈసారి ఆ పప్పులుడకవు. కాగితాన్ని నవ్వించు, చూద్దాం.

నిన్న సాయంత్రం సెంటర్ కిటకిటలాడుతోంది. మా పళ్ళ డాక్టరు వచ్చాడు. అదే, పొద్దంతా జనం నోళ్ళలో చేతులు పెట్టి, సాయంత్రమయ్యేసరికి ఇక్కడికొచ్చి జనాన్ని తన్నే పెద్దమనిషి. మీ కంపెనీ ఫైటింగ్ గేమ్‌లోకి కొత్తగా ఎవరో దిగారని, డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్నానని గొప్పలు పోతూ పెద్ద తెర మీద పెట్టాడు. పేరు తాళాలక్కట. నడుముకి తాళాల గుత్తి. ఎదుటివాడు ఎగిరొస్తుంటే చేతి వెనక భాగంతో నుదురు తుడుచుకుంటోంది. ఇంక నడక. ఎడమ కాలు వేసింది, కాస్త ఆగింది, కుడి కాలు ఈడ్చి దింపింది, భుజం ఒక్కసారి ఎగిరింది.

సరిగ్గా అదే సమయానికి నేను చిల్లర పట్టుకుని గల్లా దగ్గర్నుంచి అటు వెళ్తున్నా. నడుముకి తాళాల గుత్తి. ఎడమ కాలు, ఆగడం, కుడి కాలు, భుజం. జనం తెర వైపు చూశారు. నా వైపు చూశారు. మళ్ళీ తెర వైపు చూశారు. కళ్ళజోళ్ళ షాపాయన తన కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశాడు. షట్టర్ దించడానికొచ్చిన మీ అన్నయ్య నోరు తెరిచి, "ఈవిడెవరో మనావిడలాగే ఉందే" అన్నాడు. మనావిడట! ఊరందరికీ కలిపి ఒకత్తినే ఉన్నట్టు.

నా కాలు తీసుకెళ్ళి ఆటలో పెట్టావు. అడగలేదు. చెప్పలేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పొట్టిదైపోయిన కాలు ఇది. నేనెవర్నీ ఏమీ అనకముందే దాన్ని చూసి జనం ఏదో ఒకటి అనేవాళ్ళు. ఆ అనడాలన్నీ ఇప్పుడిప్పుడే అయిపోయాయనుకుంటే, నువ్వు దేశదేశాల్లో తెరలకెక్కించావు.

ఇంకో మంట కూడా ఉంది, అదీ విను. ఆటలో ముందే ఇరవై మంది ఉన్నారు. వాళ్ళంతా ఆటతోపాటు వస్తారు. నన్ను మాత్రం విడిగా కొనుక్కోవాలి. నేను మీ ఇంటికొచ్చిన కొత్తలో కూడా ఇంతే కదా, భోజనాల బల్ల చుట్టూ కుర్చీలన్నీ మీకు సరిపోయాయి, నాకు వంటగదిలోంచి స్టూల్ తెచ్చి వేశారు. ఎక్కడికెళ్ళినా నేను ఎక్స్‌ట్రానే.

నా కాలు ఆ ఆటలోంచి తీసెయ్. తీసేదాకా నా సెంటర్లో విడిగా కొనుక్కునే క్యారెక్టర్లతో ఎవరూ ఆడకూడదని బోర్డు పెట్టేశా. ఒంటికాలి మీద లేచావంటావేమో, నేను లేస్తే నిజంగా ఒంటికాలి మీదే.

ఇట్లు,
విడిగా అమ్ముడుపోతున్న నీ వదిన


కంపెనీ మూడో అంతస్తు, కాఫీ మిషన్ పక్క బల్ల
జూన్, శనివారం

వదినా,

ఉత్తరం అందింది. చదివి పడీపడీ నవ్వాను. నీకు వినపడదు కాబట్టి రాసి చెప్తున్నా.

నువ్వు మురిసిపోతావనుకున్నానే! నా పని నీకు తెలుసుగా, ఎవరు ఎవర్ని ఎంత గట్టిగా కొట్టాలో తూచడం. ఎనిమిదేళ్ళుగా సైనికుల్నీ భూతాల్నీ తూచీ తూచీ విసుగెత్తిపోయింది. మనుషుల్లాంటి మనిషి ఒక్కత్తి కావాలి అన్నాను మీటింగ్‌లో. ఎలా ఉంటుంది అన్నారు. పోయినసారి సెలవుల్లో వచ్చినప్పుడు, కొరియర్ వాడు పెట్టె పగలగొట్టి తెచ్చాడని నువ్వు తాళాలు ఊపుకుంటూ వీధి చివరిదాకా తరిమావు చూడు, అది ఫోన్లో తీశాను కదా, ఆ వీడియో వేసి చూపించా. మా పెద్ద మేడమ్ మళ్ళీ వెయ్యమంది. అంతే, ఖాయమైపోయింది.

ఇక ఆ ఎక్స్‌ట్రా గోల. ఆటతోపాటు వచ్చే ఇరవై మంది గుట్టు చెప్పనా? విడుదల దగ్గరపడి ఊపిరాడక, అందరికీ ఒకే నడక అతికించేశాం. సైనికుడూ డాన్సరమ్మా దయ్యమూ ఒకేలా నడుస్తారు, బట్టలే తేడా. కావాలంటే చూసుకో. ఆట బయటికెళ్ళాక, విడిగా అమ్మడానికి చేసేవాళ్ళకే తీరిక దొరుకుతుంది. నీ ఒక్కదాని నడకకి ముగ్గురం నెలంతా కూర్చున్నాం. ఆ ఆగడం ఉంది చూడు, అది కుదరక తల ప్రాణం తోకకొచ్చింది. నిన్ను ఇరవై మందిలో కలిపేసి ఉంటే నీకూ ఆ డాన్సరమ్మ నడకే వచ్చేది, అప్పుడు సంతోషమా? పైగా ఈ అమ్మకాలు లేకపోతే ఆట విడుదలైన మర్నాడే మా అంతస్తులో సగం మందిని ఇంటికి పంపేస్తారు. అందులో నేనూ ఉంటా. వచ్చి నీ గల్లా దగ్గర కూర్చుంటా, ఆలోచించుకో.

స్టూల్ సంగతి కూడా నువ్వు తప్పు చెప్తున్నావు. స్టూల్ ఎక్కింది నేను. నా కుర్చీ తీసి నీకేశారు. దానికి నేను మూతి ముడుచుకుని తిరిగాను, నీకది కూడా కనపడలేదు.

కాలు తీసెయ్యడం నా చేతిలో లేదు. బయటికెళ్ళిపోయింది. బోర్డు తీసెయ్, ప్లీజ్.

నీ,
స్టూల్ మరదలు


గేమ్ సెంటర్, ఎండకి షట్టర్ సగం దించి
జూన్ ఆఖరు

మరదలా,

కుర్చీ విషయం మీ అన్నయ్యనడిగాను. ఫ్రిజ్‌లు బాగుచేసీ బాగుచేసీ బుర్ర కూడా గడ్డకట్టినట్టుంది, "అసలు మనకి బల్ల ఉండేదా?" అన్నాడు. కాబట్టి సాక్షుల్లేరు. స్టూల్ నాదే.

బోర్డు తియ్యను. నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించా. సెంటర్లో పెద్ద రభస. బ్యాంకు క్యాషియరమ్మ నీ పక్షం. మూల మిషన్లో పాత ఫైటింగ్ గేమ్ ఉంది చూడు, కొత్తవాళ్ళెవరూ అందులోకి రాలేదు కాబట్టే అందరూ అందరి ఎత్తులూ కంఠతా పట్టేసి అది చచ్చిపోయింది, ఏడాదికి ఇద్దరు ముగ్గురు కొత్త మొహాలు దిగితేనే ఆట బతుకుతుంది, ఆ మొహాలు ఊరికే ఎక్కణ్ణించి ఊడిపడతాయి, అంటుంది. నిజమే అనిపించింది. పైకి అనలేదు.

కళ్ళజోళ్ళాయన మాత్రం కుతకుతలాడిపోతున్నాడు. ఈయన మా సెంటర్లో అందరికన్నా గట్టివాడు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో పళ్ళ డాక్టరుతో ఆడితే చిత్తుగా ఓడిపోయాడు. ఓడిపోయినందుకు కాదట ఏడుపు. తాళాలక్క ఏ దెబ్బ ఎప్పుడు వేస్తుందో ప్రాక్టీస్ గదిలో ఎదురుగా పెట్టుకుని నేర్చుకుందామంటే, కొననివాడికి ఆమె ఆ గదిలోకి రాదు. ఇంత పెద్దమనిషీ బిక్కమొహం వేసి, "కొట్టడానికి కొనమంటే సరే, కొట్టించుకోవడం నేర్చుకోవాలన్నా కొనాలా అండీ?" అన్నాడు. దీనికి నీ దగ్గర జవాబుందా, దెబ్బలు తూచే దొరసానీ? కొన్నవాడికి కొత్త మనిషి దొరుకుతుంది. కొననివాడికి కొత్త తన్నులు దొరుకుతాయి. ఇదీ మీ వ్యాపారం.

పళ్ళ డాక్టరు అలిగి ముగ్గుర్ని వెంటేసుకుని బస్టాండ్ అవతలి సెంటర్‌కి వెళ్ళిపోయాడు. పోతేపోనీ.

నువ్వు అన్నీ రాశావు గానీ అసలుదానికి జవాబు రాయలేదు. వీడియో చూపించావు, మీటింగ్ పెట్టావు, నెలంతా కూర్చున్నావు. ఒక్కసారి నన్ను అడగడానికి నోరెందుకు రాలేదు? నడక నాది.

వదిన


కంపెనీ, నా సీటు
జూలై మొదట్లో

వదినా,

అడిగితే వద్దంటావని అడగలేదు. అంతకన్నా వేరే కారణం లేదు. ఎన్ని రకాలుగా తిప్పి రాసినా ఇదే మిగిలింది, అందుకే ఇట్లా రాసేస్తున్నా.

నీకు కావలసింది జరుగుతోంది. తాళాలక్క మరీ ఎక్కువ గెలుస్తోందని ఆటగాళ్ళు దుమ్మెత్తిపోస్తున్నారు. డబ్బు కట్టినవాళ్ళని గెలిపించడానికే కావాలని బలంగా చేశారంటున్నారు. ఒట్టు, ఈసారి నిజంగా కావాలని చెయ్యలేదు. (ఈసారి అన్నానని గుచ్చిగుచ్చి అడక్కు.) మా అంకెలాయన లెక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. తప్పంతా ఆ ఆగడంలోనే ఉందట. ఆమె ఆగినప్పుడు ఎదుటివాడు ఇప్పుడొస్తుంది దెబ్బ అని తొందరపడి చెయ్యి విసురుతున్నాడు, ఆ తర్వాత ఆమె కాలు దింపి వాణ్ణి వాయించేస్తోంది. కాబట్టి నెలాఖరు అప్‌డేట్‌లో నడక సరిచేస్తారు. రెండు కాళ్ళూ సమానం. డాన్సరమ్మ నడకే.

నీ కాలు ఆటలోంచి పోతోంది. బోర్డు తీసుకోవచ్చు.

మరదలు


గేమ్ సెంటర్, ఆరో నంబర్ మిషన్ ముందు
జూలై, ఆదివారం

ఒసేయ్,

సరిచేస్తారా? ఎవడే సరిచేసేది?

ఒక సంగతి చెప్తాను, నవ్వితే చంపుతా. నీ ఉత్తరం రాకముందే కొన్నాను దాన్ని. నన్ను నేనే కొనుక్కున్నాను. అంత సిగ్గుమాలిన పని జన్మలో చెయ్యలేదు. సెంటర్ తెరవకముందే వచ్చి, పైన నా బోర్డు నన్నే చూస్తుండగా, ఆరో నంబర్ మిషన్లో నన్ను ఆడుకుంటున్నా రోజూ. కళ్ళజోళ్ళాయన పట్టేశాడు. పొద్దున్నే షట్టర్ కింద నా చెప్పులు కనపడి లోపలికి వంగి చూశాడు. ఆయన నోరు ముయ్యడానికి ఆయన్నీ కూర్చోబెట్టుకుని ఆడించాల్సొచ్చింది.

వరసగా ఓడించాను. నేను! గల్లాలో చిల్లర తప్ప ఏమీ నొక్కి ఎరగనిదాన్ని. తెర మీద అక్కణ్ణించి ఇటు నడుస్తుంటే, అదిగో ఆ ఆగే చోట, ఆయన వణికిపోవడం చూశాను. ఆ ఆగడం చూసి నా మీద జాలిపడ్డవాళ్ళని చూశాను, నవ్వినవాళ్ళని చూశాను, "పాపం, నెమ్మదిగా రామ్మా" అనేవాళ్ళని చూశాను. భయపడినవాళ్ళని ఎప్పుడూ చూడలేదు. కడుపు నిండిపోయింది. ఉన్నమాట చెప్తున్నా.

నేను తీసెయ్యమన్నది అది నాది కాబట్టి, నన్ను అడగలేదు కాబట్టి. వాళ్ళు తీసేస్తామంటున్నది అది గెలుస్తోంది కాబట్టి. రెండూ ఒకటేనా? కుంటుతూ ఓడిపోతూ ఉంటే ఉంచేవాళ్ళు, పాపం అని. కుంటుతూ గెలిచేసరికి కాళ్ళు సమానం చెయ్యాలని గుర్తొచ్చింది మహానుభావులకి. చిన్నప్పుడు డాక్టర్లందరూ చూసి మా వల్ల కాదన్నారు, వీళ్ళు నెలాఖరుకల్లా చేసేస్తారట.

ఆపు దాన్ని. పెట్టేటప్పుడు నన్ను అడగలేదు, తీసేటప్పుడైనా నా మాట విను. దెబ్బల బలం తగ్గించుకోండి, తాళాల గుత్తి పీకేసుకోండి, నుదురు తుడుచుకోవడం కూడా తీసేసుకోండి. కాలు ముట్టుకోవద్దు.

నీ వదిన


కంపెనీ, మీటింగ్ గది బయట
జూలై, రెండో వారం

వదినా,

నవ్వలేదు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళాను. దెబ్బల బలం తగ్గిద్దాం, కాలు ఉంచుదాం అన్నాను. అంకెలాయన ఒప్పుకోడు. ఆ అడుగు మనిషి కంటికి దొరకదట. దొరకనిదాన్ని ఆపలేం, ఆపలేనిది ఆటలో ఉండకూడదు, అంటాడు. అందులో తప్పేం లేదు, నేనైనా అదే అంటాను. నీ కళ్ళజోళ్ళాయన మాట కూడా చెప్పాను, కొననివాళ్ళకి ఆమెతో ప్రాక్టీస్ చేసే దారే లేనప్పుడు కంటికెలా దొరుకుతుంది, ప్రాక్టీస్ గది అందరికీ తెరవండి అని. అమ్మకాలాయన నేను వాళ్ళింట్లో తలుపు తియ్యమన్నట్టు చూశాడు.

చివరికి మేడమ్ తేల్చింది. ఎవరైనా ఒక్క మనిషి, మా కంపెనీ మనిషి కాకూడదు, ఆ అడుగుని చూసి పట్టి, గాలివాటంగా కాకుండా మళ్ళీ మళ్ళీ ఆమెను ఓడించి చూపిస్తే కాలు ఉంటుంది, బలం తగ్గుతుంది. లేకపోతే నడక మారుతుంది. వచ్చే శుక్రవారం తరవాతి శుక్రవారం మీటింగ్. వీడియో కావాలి.

కాబట్టి ఆ బోర్డు పీకి అవతల పారెయ్. మిషన్లన్నిటిలో తాళాలక్కని పెట్టు. పళ్ళ డాక్టర్నీ బతిమాలి తెచ్చుకో. నీ కాలు నిలబడాలంటే నువ్వు ఓడిపోవాలి వదినా. ఎవరో ఒకరి చేతిలో బాగా, శుభ్రంగా ఓడిపోవాలి.

మరదలు


గేమ్ సెంటర్, గల్లా
జూలై, మీటింగ్‌కి ముందు శుక్రవారం

మరదలా,

బోర్డు పీకేశా. పళ్ళ డాక్టర్ని పిలవడానికి వెళ్తే కుర్చీలో కూర్చోబెట్టి ముందు నా పళ్ళు చూశాడు. ఒకటి పుచ్చిందట. అది వేరే ఏడుపు. మొత్తానికి వచ్చాడు.

ఎవరి వల్లా కావడం లేదే. కళ్ళజోళ్ళాయన దాని దెబ్బలన్నీ బట్టీ పట్టాడు. క్యాషియరమ్మ నా చేతుల వైపు చూస్తూ ఆడింది. డాక్టరైతే గోడ మీద గడియారం చప్పుడుతో లెక్కేశాడు. ఆ ఆగే చోటికొచ్చేసరికి అందరి బొటనవేళ్ళూ ఎగిరిపడుతున్నాయి. పోనీ నేనే కావాలని ఓడిపోదామా అంటే, కళ్ళజోళ్ళాయన, "మోసం వీడియోలో తెలిసిపోతుందండీ, పైగా అది మీ కాలికే అవమానం" అన్నాడు. ఎంత మాటన్నాడో చూడు. టీ తెప్పించాను ఆయనకి.

గెలిచిన ప్రతిసారీ నాకు గుండెల్లో రాయి పడుతోంది. ఇంత గెలిచి ఏం చేసుకోను? నాకు భయంగా ఉంది.

వదిన


అద్దె గది, కిటికీ దగ్గర
జూలై, సోమవారం

వదినా,

ఇంకెవరూ దొరకకపోయినా నా వంతు నేను పోట్లాడతాను. అయినా ఒకటి చెప్పాలి, ఇది మీటింగ్‌లో చెప్పేది కాదు.

మా ఇంట్లో చదువుకునే రోజుల్లో పుస్తకం మధ్యలో వీడియో గేమ్ పెట్టుకుని ఆడుకునేదాన్ని. వరండాలో అమ్మ అడుగు వినపడితే దాచేసేదాన్ని, నాన్న అడుగు వినపడితే దాచేసేదాన్ని. నీ అడుగు ఒక్కటే వేరేగా ఉండేది. అది వినపడితే దాచక్కర్లేదు. నువ్వొచ్చి పక్కన కూర్చుని, వీణ్ణి తన్ను, వాణ్ణి తన్ను అనేదానివి. ఎవరైనా మనిషి నడుస్తుంటే నాకు వినబుద్ధేసిన నడక అదొక్కటే. అందుకే పెట్టాను. అడగకుండా పెట్టడం తప్పే. పెట్టడం మాత్రం తప్పు కాదు.

శుక్రవారం పదకొండింటికి మీటింగ్.

మరదలు


గేమ్ సెంటర్, షట్టర్ దించాక
జూలై, గురువారం

మరదలా,

వీడియో నీ ఫోన్‌కి చేరింది కదా. ఏం చూశావో నీకు అర్థం కాదు, అందుకే రాస్తున్నా. ఇది నీకు మీటింగ్ అయ్యాకే అందుతుంది, అయినా రాయకుండా ఉండలేను.

సాయంత్రం అందరం చేతులెత్తేశాం. కళ్ళజోళ్ళాయన ఆఖరిసారి ఓడిపోయి కంట్రోలర్ ఒళ్ళో పడేసుకుని కూర్చున్నాడు. మీ అన్నయ్య షట్టర్ దించడానికొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. తెర వైపు కాసేపు చూసి, "మీరంతా తొందరపడుతున్నారండీ" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. టీవీ రిమోట్‌లో ఆన్ బటన్ వెతుక్కునే మనిషి! క్యాషియరమ్మ ఎగతాళికి, "రండి సార్, మీరు చూపించండి" అని కంట్రోలర్ చేతిలో పెట్టింది.

కూర్చున్నాడు. తన పాత యజమానిలా ఉన్నాడని ఆటలో ఉన్న ఒక లావుపాటి వస్తాదుని తీసుకున్నాడు. ఏ బటన్ కొడుతుందో చెప్పబోతే, "కొట్టడం వద్దులెండి, పట్టుకునేది ఏది?" అని అడిగాడు. చూపించారు. వేలు దాని మీద పెట్టి ఊరుకున్నాడు.

తాళాలక్కగా తెర మీద నేను నడిచాను. ఎడమ కాలు, ఆగాను. మీ అన్నయ్య కదల్లేదు. కుడి కాలు దించాను. పట్టుకున్నాడు. ఎత్తి పడేశాడు. గాలివాటం అన్నారు. మళ్ళీ నడిచాను. మళ్ళీ పట్టుకున్నాడు. దొంగాట మొదలుపెట్టాను, వెనక్కెళ్ళాను, ఉరికాను, ఎక్కువసేపు ఆగాను. కాలు కింద పెట్టిన ప్రతిసారీ చెయ్యి అక్కడ ఉంది. ఎవరూ నవ్వడం లేదు. కళ్ళజోళ్ళాయన ఫోన్ పట్టుకుని మా ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగాడు, అందుకే వీడియో అట్లా ఊగింది. ఆడిన ఆటలన్నీ మీ అన్నయ్యే గెలిచాడు, ఆ ఒక్క బటన్‌తో.

ఎలా సార్ అని డాక్టరు అడిగాడు. మీ అన్నయ్య బుర్ర గోక్కున్నాడు.

"ఆగినప్పుడు ఏమీ లేదండీ. కాలు దిగేటప్పుడు చెయ్యి అందించాలి. అంతే కదా."

అనేసి, లేచి, షట్టర్ కొక్కెం వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆయనకి అందులో చెప్పాల్సిందేమీ కనపడలేదు.

వదిన


కంపెనీ, మూడో అంతస్తు
జూలై, శుక్రవారం సాయంత్రం

వదినా,

కాలు ఉంది!

వీడియో వేశారు. మేడమ్ ముందుకి వంగి కూర్చుంది. అంకెలాయన కాగితాలు పక్కన పెట్టి, ఈ ఆటగాడెవరు, ఎన్నేళ్ళ అనుభవం, ఏ పద్ధతి ఇది అని గుక్కతిప్పుకోకుండా అడిగాడు. మా అన్నయ్య, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, ఇంతకుముందెప్పుడూ ఆడలేదు అన్నాను. నమ్మలేదు. ఆ నడక అతని భార్యదే అన్నాను. అప్పుడు అంకెలాయన, "మనిషి కంటికి దొరుకుతుందన్నమాట" అని తన కాగితం మీద కొట్టేశాడు.

నడక అలాగే ఉంటుంది. గుత్తి దెబ్బ బలం తగ్గుతుంది, ఇకమీద నువ్వు కాస్త ఎక్కువే ఓడిపోతావు, ఏడవకు. ప్రాక్టీస్ గదిలోకి కొననివాళ్ళకి కూడా తాళాలక్క వస్తుంది. దొరకదు అన్నది నేర్చుకుంటే దొరికిందిగా, మరి నేర్చుకోనివ్వండి అని మేడమే అంది. అమ్మకాలాయన మాడిన మొహం వేసుకుని తిరుగుతున్నాడు. అన్నీ అందరికీ ఊరికే అయిపోలేదులే, ఆడాలంటే ఇప్పటికీ కొనాల్సిందే. నా జీతం రావాలి కదా.

ఇంకొకటి. ఇది ముందే చెయ్యాల్సిన పని. ఈ ఉత్తరంతో ఒక కాగితం పెట్టాను. నడక ఎవరిదో ఆటలో రాస్తారు, దానికి నీ సంతకం కావాలి. సంతకం పెట్టకపోతే నేనే దగ్గరుండి తీయించేస్తాను, మేడమ్‌కి చెప్పేశాను, ఒప్పుకుంది. ఈసారి అడుగుతున్నా వదినా.

నీ నడక ఉంచమంటావా?

మరదలు


ఇల్లు, వంటగది గట్టు మీద
ఆగస్టు మొదట్లో

మరదలా,

ఉంచు. సంతకం పెట్టాను, చూసుకో. పేరు పెద్ద అక్షరాలతో వెయ్యమను.

నీకు రాయని ముక్క ఒకటుంది. ఆ గురువారం షట్టర్ దించాక మీ అన్నయ్యా నేనూ నడిచే ఇంటికొచ్చాం. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఇదంతా తెలిసి, ఒక్క ముక్క చెప్పడా? ఎప్పణ్ణించి తెలుసు అని అడిగాను. ఏది అన్నాడు. నా అడుగు అన్నాను. "తెలిసేదేముంది, పక్కనే నడుస్తాను కదా" అన్నాడు. అక్కడితో ఆ సంగతి వదిలేసి, ఎవరి ఫ్రిజ్‌లోదో గ్యాస్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఏడుపొచ్చింది నాకు. రోడ్డు మీద, లైటు స్తంభం పక్కన. మీ అన్నయ్యకి కనపడకుండా తుడుచుకున్నా.

అయినా వదల్లేదు. తడబడితే పట్టుకుందామని కావాలని అడుగు మార్చాను. రెండు చిన్నవి, ఒకటి పెద్దది, ఆగాల్సిన చోట ఆగకుండా. మీ అన్నయ్య అడుగూ మారింది. గ్యాస్ కబుర్లు ఆగలేదు, నా వైపు చూడను కూడా లేదు. మళ్ళీ మార్చాను. మళ్ళీ మారింది. సందు మలుపు దగ్గర ఠక్కున నిలబడిపోయాను. నాతోపాటే నిలబడ్డాడు, కంప్రెసర్ గురించి చెప్తూనే.

ఇంటిదాకా ఒక్కసారి కూడా దొరకలేదే, దొంగ సచ్చినోడు.

నీ వదిన